ఎండు రొయ్య ఏ లెక్కలోకి వస్తుంది?

ప్రపంచానికి తిండి కరువు రాబోతోందని మా ఆవిడ ఫోనులో ఎవరో చెబుతుంటే వింది. అందరూ మాంసం మానేస్తే కోళ్ల మేతకు పోయే గింజలు మనుషులకు మిగులుతాయట. దాంతో మా ఇంట్లో ఆదివారం కోడికూర ఈ రోజు నుంచి రద్దయింది. చెప్పినాయన ఎవరో గాని, మిరప కోతల్లో వారమంతా ఎండన పడి తిరిగిన మనిషిలా లేడు. నాకా ఆదివారం తప్ప వేరే ఆశ లేదు. అయినా వాదించే ఓపిక లేక కంచం ముందు కూర్చున్నాను. సొరకాయ కూర. రెండో ముద్దలో ఎండు రొయ్య తగిలింది.

"అదేంటే, నీసు మానేశామన్నావుగా?"

"ఎండిపోయాక నీసేంటండీ? అది సరుకు. కరువొస్తే పనికొస్తుందని డబ్బా నిండా పోసిపెట్టా."

"అయితే కోడిని కూడా ఎండబెడదామా?"

"కల్లంలో మిరపకాయల పక్కన ఆరబోసి, కాకులు రాకుండా మీరే కాపలా కూర్చోండి."

మారు వడ్డించుకున్నాను.

ఇంతకీ మీ ఇళ్లలో ఎండు రొయ్య నీసా, సరుకా? కాస్త చూసి రాయండి. కామెంట్లు మా ఆవిడ కూడా చదువుతుంది. నీసని తేల్చారంటే నాకిక వట్టి సొరకాయే మిగులుతుంది.