మబ్బు చుట్టూ ఎర్రగీత

బరంపురంలో ఇంటి నుంచే వాతావరణ అంచనాల పని చేసే తేజస్వి రోజూ పొద్దున్నే రెండు బంగాళాఖాతాలను పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటుంది. ఒకటి కంప్యూటర్ వేసిన మబ్బుల అంచనా, రెండోది ఉపగ్రహం తీసిన ఫొటో. అంచనా తప్పిన ప్రతి మబ్బు చుట్టూ ఎర్రగీత గీసి, ఉపగ్రహం చూసినదాన్ని కొత్త అంచనాలోకి ఎక్కిస్తుంది. జారే కళ్లద్దాలను ఎర్ర పెన్సిలు పట్టిన చేత్తోనే పైకి నెడుతుంది కాబట్టి ముక్కు మీద ఎప్పుడూ ఓ ఎర్ర చార.

మొన్న ఆమె ఎండేనంటే, అప్పడాలు చేసి అమ్మే అత్తగారు సత్యవతి వాటిని మేడంతా పరిచింది. సముద్రం మీంచి వచ్చిన వాన అన్నీ నానబెట్టేసింది. మర్నాడు తేజస్వి తలెత్తకుండా ఆ మబ్బు చుట్టూ గీత గీస్తుంటే, సత్యవతి పిండి చేతులతో గుమ్మంలో నిలబడింది.

"ఈయేల ఆరెయ్యొచ్చేటమ్మా?"

"మళ్లీ నన్నే అడుగుతున్నారేటి అత్తయ్యా?"

"ఎండని సెప్పినోళ్లు సానామంది. తప్పు సెప్పానని గీత గీసుకున్నదానివి నువ్వొక్కదానివే."