ఘాట్ రోడ్డులోనే వెలిగే ఎర్ర బల్బు

చిత్తూరులో బెల్లం మండీ పరంధామయ్య దగ్గర ఇరవై ఏళ్ళుగా కారు తోలుతున్న ఏకాంబరానికి నడుమూ పోయింది, మడిమలూ పోయాయి. వాటితో ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఇక తన వల్ల కాదనిపించింది మాత్రం ఒక చిన్న ఎర్ర బల్బు వల్ల.

ఆ కారు ఎవరో పెద్ద ఇంజనీరు వాడి వాడి అమ్మేసిన పాత విదేశీ కారు. స్టీరింగ్ వెనకాల దానికో ఎర్ర బల్బు. హ్యాండ్ బ్రేకు లాగితే వెలుగుతుంది, బ్రేకు ఆయిల్ తగ్గినా వెలుగుతుంది. అంతవరకు న్యాయమే. కానీ ఆ మాయదారి బల్బు ఎండాకాలం నుంచి ఏ కారణమూ లేకుండా వెలగడం మొదలుపెట్టింది. అదీ ఎక్కడ? ఐరాల గుంతల్లో ఎంత కుదిపినా వెలగదు. పాకాల రోడ్డులో లారీ అడ్డమొచ్చి గట్టిగా బ్రేకు తొక్కినా వెలగదు. నెలకొక శనివారం ఏకాంబరం తన యజమాని తల్లి చంద్రకాంతమ్మను తిరుమలకు తీసుకుపోతాడు చూడండి, అప్పుడు ఘాట్ రోడ్డు మలుపులో చటుక్కున వెలుగుతుంది. ఇంకో మలుపు తిరిగేసరికి ఏమీ ఎరగనట్టు ఆరిపోతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వెనక సీట్లో గోవిందనామాలు చెప్పుకుంటూ పండు ముసలమ్మ. ఏకాంబరం హడలిపోయి బండి పక్కకు తీసి నిలిపేసేవాడు. దిగి చూస్తే అన్నీ బాగానే ఉండేవి.

పాకాలలో మెకానిక్కు పెంచలయ్య రెండుసార్లు నాలుగు చక్రాలూ ఊడదీశాడు. పైపులు మార్చాడు, వైర్లు మార్చాడు.

"ఏకాంబరన్నా, బ్రేకు బంగారంగా ఉండాది. ఆయిలు సుక్క తగ్గలే. అది యాడ ఎలగతా ఉండాదో నాకూ రవంత సూపీ."

"కొండ మీదనే ఎలగతాదప్పా."

"కొండను నా షెడ్డులోకి తోలుకోని రాలేవు గదన్నా!"

పెంచలయ్యకు నవ్వులాట. పరంధామయ్యకు ఒళ్ళు మంట. తల్లిని అడిగితే, "నేను కండ్లు మూసుకోని గోవిందా అంటా ఉంటా, నాకేం తెలుసు నాయనా" అంది ఆవిడ. ఇంకేముంది, పరంధామయ్య తీర్పు చెప్పేశాడు.

"బండికేం కాలేదు ఏకాంబరం. నీకే కండ్లు పోయినాయి. ఈ శనివారం గూడా లైటనీ గీటనీ దోవలో నిలిపినావంటే, తాళాలు మునస్వామికి ఇచ్చేసి నీ దోవ నువ్వు సూసుకో."

మునస్వామి మండీ లారీ డ్రైవరు. మంచివాడే, కానీ అది కాదు సంగతి. చూపు పోయిందని ఒకరు పంపించేసిన డ్రైవరును చిత్తూరులో మరొకరు పెట్టుకోరు. ఆ రాత్రి భార్య మునెమ్మ సంగటి పెడితే ముద్ద మింగుడుపడలేదు. నిజంగానే కళ్ళు పోయాయేమోనని తన మీద తనకే అనుమానం పట్టుకుంది. అంతకంటే నరకం ఇంకేముంటుంది?

శనివారం పెంచలయ్యను బతిమాలి ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. వెనక సీట్లో చంద్రకాంతమ్మ ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని గోవిందనామాల్లో ఉంది. అలిపిరి దగ్గర బండి ఆపి, ఎప్పటిలాగే చెప్పులు విప్పి సీటు పక్కన దోపాడు. స్వామి కొండ మీద చెప్పుకాలితో బ్రేకు తొక్కడానికి అతనికి ఏనాడూ మనసొప్పలేదు. ఎవరు నేర్పారో కూడా గుర్తులేదు.

కొంతదూరం పోయారు. పెద్ద మలుపు. ఎర్ర బల్బు వెలిగింది.

"సూసినావా! సూసినావా పెంచలయ్యా!" ఏకాంబరం కేక పెట్టాడు. పీడ వెలిగినందుకు అంత సంతోషించిన మనిషి ఇంకొకడు ఉండడు.

"సూసినా. నిలుపు."

పెంచలయ్య వంగి సీటు పక్కన చూశాడు. చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. తర్వాత హ్యాండ్ బ్రేకు కడ్డీ కింద నుంచి ఒక చెప్పును బయటికి లాగాడు. బల్బు ఆరిపోయింది. మళ్ళీ కిందికి తోశాడు. కడ్డీ వేలెడైనా లేవలేదు, కానీ బల్బు వెలిగింది.

"ఈ లావు టైరు చెప్పులు ఎప్పుడు కొన్నావన్నా?"

"ఎండాకాలంలో. మడిమ నొప్పని మునెమ్మ తెచ్చింది."

పాత చెప్పులు పలచన. కడ్డీ కింద దూరినా ఏమీ అయ్యేది కాదు. ఇవి మలుపులో జరిగి కడ్డీని రవంత ఎత్తుతున్నాయి. షెడ్డులో చెప్పులు కాళ్ళకే ఉంటాయి కాబట్టి అక్కడ వెలిగే ప్రశ్నే లేదు. ఏకాంబరం దిగి పిట్టగోడ మీద కూలబడ్డాడు. కళ్ళు పోలేదు. పరువు మాత్రం పోయేటట్టుంది.

"పరంధామయ్య సామికి ఈ సంగతి సెప్పొద్దులే," అన్నాడు పెంచలయ్య జాలిగా. "వైరు లూజుగా ఉణ్ణింది, బిగించినానని నేను సెప్తా."

"ఒక అబద్ధం సెప్పి దాన్ని మోసే ఓపిక గూడా లేదప్పా నాకు."

సాయంత్రం చిత్తూరు చేరాక ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పరంధామయ్య ముఖం కందగడ్డయింది.

"నీ సెప్పుల కోసరం నా బండిని రెండుసార్లు ఊడబెరికించినావా? పెట్టు, తాళాలు ఈడ పెట్టు!"

ఏకాంబరం తాళాలు బల్ల మీద పెట్టాడు. ప్రసాదం పొట్లం పట్టుకుని గడప దాటుతున్న చంద్రకాంతమ్మ ఆగింది.

"పరంధామా, నువ్వు గుడి ముందర దాకా బూట్లతోనే వస్తావు. ఈయప్ప అలిపిరి కాడనే సెప్పులిడిసి నన్ను పైకి తీసకపోతా ఉండాడు. ఇన్నేండ్లు ఎనకాల కూర్చోని గూడా నాకు తెలవలేదు. మునస్వామిని నీకు పెట్టుకుంటే పెట్టుకో. నా బండి ఈయప్పే తోలాల."

పరంధామయ్య తల దించుకుని తాళాలను బల్ల మీదే ఇటు తోశాడు. ఏకాంబరం వాటిని తీసుకున్నాడు. "తెల్లారి ఎన్నిటికి రావాల సామీ?" అని ఎప్పటిలాగే అడిగాడు.

"రేపు రావద్దు," అంది ముసలమ్మ. "ఇంటికి పోయి పండుకో నాయనా. సాలా అలిసిపోయినావు."

ఇరవై ఏళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. అంతసేపూ తిట్లకు బెదరకుండా నిలబడ్డ మనిషి, ఆ మాటకు గుమ్మం దగ్గరే భోరుమన్నాడు.