నాన్న జీపు మీద నేను గీసిన గీత

మా చిన్నప్పుడు... రాయగడలో నేను నిద్ర లేచేసరికి నాన్న వీపే కనిపించేది. షెడ్డులో నీలం రంగు జీపుని తుడుస్తుండేవాడు. అద్దాలు, బానెట్టు, దీపాల చుట్టూ... పసిపిల్లకి నీళ్లు పోసి తుడిచినట్టు.

నాన్నది ఉప్పు, నూనె డబ్బాల టోకు వ్యాపారం. ఆ జీపులోనే లక్ష్మీపూర్ సంతకి సరుకు తీసుకెళ్లేవాడు. ఘాట్ రోడ్డు దిగి ఇంటికొచ్చాక బానెట్టు మీద చెయ్యి వేసి, "అలిసిపోనావేటే తల్లీ?" అని అడిగేవాడు. నన్ను మాత్రం పేరు పెట్టే పిలిచేవాడు.

జీపుకి గరుకు గుడ్డ తగలకూడదు. అమ్మ నూలు చీరలు ఉతికి ఉతికి మెత్తబడ్డాక చింపి పట్టుకెళ్లేవాడు. "మెత్త సీర దానికి, గరుకు సీర నాకు... బాగుంది వరస," అనేది అమ్మ. షెడ్డుని 'సిన్నిల్లు' అనేది. పక్కింటి ఆడవాళ్లు నవ్వేవారు. ఎందుకు నవ్వేవారో నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. కుళ్ళు మాత్రం అప్పుడే తెలుసు... నాకూ ఉండేది కాబట్టి.

మా వైపు విశ్వకర్మ పూజ నాడు బళ్లు కదలవు. కడిగి, బొట్లు పెట్టి, దండలు వేస్తారు. నాకు పదేళ్లప్పుడు ఆ పూజకి అమ్మ సన్నజాజులు కట్టింది. నా జడకి ఒక్క మూర అడిగాను. నాన్న మాలంతా జీపు అద్దానికి చుట్టేశాడు. "రేపు పెట్టుకుందువులే," అన్నాడు.

ఆయన కొబ్బరికాయ కోసం లోపలికి వెళ్లగానే గోడకున్న తుప్పు మేకు పీకి, బానెట్టు మీద బెత్తెడు పొడవున గీసేశాను. వెంటనే భయం వేసింది. దాని మీద పసుపు, కుంకుమ దట్టంగా పూసేశాను. వచ్చినవాళ్లంతా నా భక్తి చూసి మురిసిపోయారు.

మర్నాడు కుంకుమ తుడుస్తుంటే గీత బయటపడింది. నాన్న అరవలేదు. ఆ గీత మీద మెల్లగా వేలు నడిపి, "దెబ్బ తగిలిందేటే తల్లీ..." అన్నాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఆ గొంతు వినలేదు. అరిచి ఉంటేనే బాగుండేది.

"ఎవులు గీసేరు?" అన్నాడు మా వైపు తిరిగి. నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను. అమ్మ నా అరచేతిలో ఇంకా పోని తుప్పు మరక చూసింది.

"నేనే. గిన్నెల గంప తగిలిపోనాది," అంది.

వంటింట్లోకి తీసుకెళ్లి నా చెయ్యి కడుగుతూ, "ఊరుకో అమ్మి. నువ్వు గియ్యకపోతే ఎప్పుడో ఓనాడు నేనే గీసీదాన్ని," అంది. నాన్న వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు.

తర్వాత్తర్వాత జీపుని నందపూర్ వాళ్లెవరో కొనుక్కున్నారు. నాన్న రెండు పూటలు అన్నం ముట్టలేదు. నన్ను హాస్టల్లో దింపి వచ్చిన రోజు మాత్రం కడుపునిండా తిన్నాడట... అమ్మే చెప్పింది.

ఇప్పుడు బళ్లు వాటర్ వాష్‌కి వెళ్లి వస్తున్నాయి. వాటిని అలిసిపోయావా అని అడిగేవాళ్లు లేరు.

మొన్న రాయగడ వెళ్లినప్పుడు మెట్ల మీద జారాను. మోకాలు చెక్కుకుపోయింది. చూపు సరిగ్గా ఆనని నాన్న వంగి, గాయం పక్కన మెల్లగా వేలు నడిపి, "దెబ్బ తగిలిందేటే తల్లీ..." అన్నాడు.

నలభై దాటాక దక్కింది నాకా మాట. కళ్లనీళ్లు తిరిగాయి... కానీ జీపు వాడేసిన మాటే కదా.

మీ ఇంట్లోనూ మీకంటే ముందు 'తల్లీ' అనిపించుకున్న బండి ఉండేదా? ఉంటే చెప్పండి... నాకింకా కడుపుమంట తగ్గలేదు.