గంపకు రెండో వైపు

పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావడం మేనమామ పని. ఏలూరులో మా పై ఫ్లాటులో ఉండే ఫణికుమార్ గారు, మా కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్, ఆ పని కోసం నెల రోజులు కసరత్తు చేశారు. గంపలో బియ్యం బస్తా పెట్టి, ఒక వైపు ఆయన, రెండో వైపు చరణ్‌తేజ పట్టుకుని డాబా మీద అటూ ఇటూ నడిచేవారు.

"ఏవండీ, మెల్లిగా. పిల్ల పడిపోద్ది," అనేవాడు చరణ్. అతనికి మండవల్లిలో చేపల చెరువులున్నాయి. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకటే కాపురం. రూమ్మేట్లని అందరూ అనుకుంటారు. ఆ పిలుపులో గోము వినేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

రెండో వైపు చరణే ఉండాలన్నది పెళ్ళికూతురు హరిప్రియ కోరిక. ఫణిగారి అక్క సుందరి గారి అమ్మాయి, హైదరాబాదులో ఉద్యోగం. ఇంట్లో ఈయన తన సంగతి చెప్పుకున్నది ఆ ఒక్క పిల్లకే.

"నా పెళ్ళికి మీరిద్దరూ జంటగా రావాలి మామయ్యా. ఎవరేమన్నా నేను చూసుకుంటాను," అంది నా ఎదుటే. 'ఎవరు ఎవరిని ప్రేమించినా సరే, మా పెళ్ళికి జంటగా రండి' అని ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కూడా పెట్టింది. ఆ పోస్టు చూపించి ఫణిగారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. ఇద్దరికీ ఒకే అంచు పంచెలు కొన్నారు.

తాడేపల్లిగూడెం ఫంక్షన్ హాలుకి ముగ్గురం కలిసే వెళ్ళాం. గుమ్మంలోనే సుందరి గారు చరణ్ మెడలో ఒక ట్యాగ్ వేశారు. దాని మీద 'ఈవెంట్ స్టాఫ్' అని ఉంది.

"హరి ఇమ్మందండీ. మగపెళ్ళివారు ఎవరని అడుగుతారని," అన్నారు నేల చూపులు చూస్తూ.

ఫణిగారు గబగబా పెళ్ళికూతురి గదికి వెళ్ళారు. వెనకే నేను.

"ఈ ఒక్క రోజూ సర్దుకోండి మామయ్యా. రెండో వైపు అమ్మ కజిన్ పట్టుకుంటాడు," అంది హరిప్రియ, అద్దంలో బొట్టు సరిచూసుకుంటూ.

"మరి నీ పోస్టు?"

"అది నా ఫ్రెండ్స్ కోసం. వాళ్ళు ఈ పూట వచ్చి వెళ్ళిపోతారు. మీరు మా ఇంటి మనిషి. రేపు మా అత్తగారు అడిగేది నన్నే కదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. హాల్లోకి వస్తే, ముందు వరసలో ఆమె ఆఫీసు స్నేహితురాళ్ళు ఇద్దరు చేతిలో చెయ్యేసుకుని కూర్చున్నారు. తాము జంటమని వాళ్ళే చెప్పుకున్నారు, వాళ్ళకి పన్నీరు చల్లి మరీ మర్యాద చేశారు. బయటివాళ్ళయితే ముచ్చట, మేనమామయితే పరువు తక్కువ.

ముహూర్తానికి ఫణిగారు గంప మోశారు. పిల్లని కుదుపు లేకుండా దింపారు. చరణ్ అది చూడనే లేదు. ట్యాగ్ చూసి ఎవరో కేకేస్తే, కొత్త పంచె ఎగగట్టి భోజనాల హాల్లో నీళ్ళ క్యాన్లు మోస్తున్నాడు.

"మా వాళ్ళు కాదంటే ఇంత బాధ ఉండేది కాదండీ. వాళ్ళని నేనెప్పుడూ నమ్మలేదు. దీన్ని నమ్మాను," అన్నారు ఫణిగారు నాతో. అక్కణ్ణించి నేరుగా చరణ్ దగ్గరికి వెళ్ళిపోయారు.

కొత్త దంపతులు భోజనానికి వచ్చేసరికి, వంటశాల నుంచి అన్నం గుండిగ చెరో చెవీ పట్టుకుని ఇద్దరూ తెస్తున్నారు. డాబా మీద నేర్చుకున్న నడకే. హరిప్రియ అత్తగారు తెల్లబోయింది.

"అయ్యో, మేనమామగారు మొయ్యడమేంటమ్మా? ఆ రెండో ఆయన ఎవరు?"

ఆవిడ అడిగింది మర్యాదగానే. ఫణిగారు గుండిగ దించకుండా మేనకోడలి మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆ ఒక్క నిమిషం ఆయనకింకా ఆశ ఉందని నాకు అర్థమైంది.

"స్టాఫ్ అత్తయ్యా," అంది హరిప్రియ.

"ఇద్దరం స్టాఫేనండీ," అన్నారు ఫణిగారు. "కూర్చోండమ్మా, వడ్డిస్తాం."