ఆళ్ళగడ్డలో నూనె వంతు

నాలుగు నెలలుగా నా జడ మా ఆయనే వేస్తున్నారు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. తీగలు మెలేసినట్టు మూడు పాయలూ మెలేసి, "ఇక గాలివాన వచ్చినా ఊడదు" అంటారు. మొదట్లో నవ్వొచ్చేది. రానురాను పొద్దున్నే దువ్వెన ఆయన చేతిలో పెట్టాలంటే ఏడుపొచ్చేది. నా కుడి భుజం బిగుసుకుపోయింది. డాక్టరు మాత్రలిచ్చి, గోడ మీద వేళ్ళతో పైకి పాకించే వ్యాయామం రోజూ చేయమన్నారు. వారం చేశాను, విసుగొచ్చి మానేశాను. బళ్ళో బోర్డు మీద కింది సగంలోనే రాస్తుంటే పిల్లలు ముసిముసిగా నవ్వుకునేవారు. అప్పుడు మా బళ్ళోనే పనిచేసే నంద్యాల టీచరమ్మ చెప్పింది: "మా నాయన శిల్పం చెక్కుతాడు మేడం. సుత్తి పట్టే చెయ్యి లేయకుంటే ఆళ్ళగడ్డలో మస్తానమ్మతో మర్దన చేయించుకుంటాడు. ఒకసారి పోయి రాండి." నా జడ నేను వేసుకోగలిగితే చాలు, ఎంత దూరమైనా వెళ్దామనుకున్నాను.

గుంటూరు నుంచి రైలెక్కి శుక్రవారం సాయంత్రానికి నంద్యాల చేరాం. స్టేషన్‌కు దగ్గర్లో వెయ్యి రూపాయలకు శుభ్రమైన గది దొరికింది. శనివారం ఆరున్నరకల్లా బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం, ప్లేటు నలభై. ఎక్కడికని అడిగింది వంటామె. చెప్పగానే అడక్కుండానే ఇంకో బజ్జీ వేసింది. "తినండి. ఆమె కాడ కూచుంటే మధ్యాహ్నం దాకా లేయనియ్యదు." అదేదో హాస్యం అనుకున్నాం.

ఏడుంబావుకు ఆళ్ళగడ్డ బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే నాకు ఉచితం. మా ఆయన డబ్బులిచ్చి టికెట్టు తీసుకుంటూ, "భుజం నొప్పి నీకు, ఖర్చు నాకు" అన్నారు. ఎడమ చేతివైపు నల్లమల కొండలు వెంటే వచ్చాయి. శిరివెళ్ళలో ట్రాక్టర్ల వెనక కాసేపు ఆగినా గంటా పావులో దిగాం. బస్టాండు నుంచి ఆటోకు మనిషికి ఇరవై. "సుత్తి సప్పుడు యాడ ఎక్కువుంటే ఆడ దింపుతా" అన్నాడు డ్రైవరు. నిజమే, ఆ వీధంతా రాళ్ళు చెక్కేవాళ్ళే.

మస్తానమ్మకు యాభై దాటి ఉంటాయి. చెయ్యి పట్టుకుంటే పట్టుకారులా ఉంది. ఆడవాళ్ళకు ఆమె లోపలి గదిలో మర్దన చేస్తుంది, మగవాళ్ళకు ఆమె భర్త ఓబులేసు బయట రేకుల పంచలో చేస్తాడు. ఉన్నవాళ్ళెవరైనా వంద రూపాయలే, లేనివాళ్ళు ఇవ్వక్కర్లేదు. నేను ముచ్చటపడి కొన్న బాదం నూనె సీసా మూత తీసి వాసన చూసి, "ఇది తలకు పూసుకునే సెంటు మా" అని పక్కన పెట్టేసింది. నువ్వుల నూనె గిన్నె నా ముందుకు తోసింది.

లోపల నాపరాయి అరుగు మీద నాకంటే ముందు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. లక్ష్మీదేవమ్మ, శిరివెళ్ళ పక్క పల్లెలో ముప్పై ఎకరాల సేద్యం, భారీ మనిషి, కారులో వచ్చింది. నా తర్వాత ఈరమ్మ వచ్చింది. నల్లమల అడవిలో చెంచు గూడెం ఆమెది, కట్టెల మోపులు మోసి మోసి వీపు పట్టేసింది. ఆ రోజుకు ముగ్గురమే.

"వెనకొచ్చినోళ్ళు ముందోళ్ళకు నూనె రాయాల" అంది మస్తానమ్మ. "నాకుండేది రెండు చేతులే. ఒళ్ళు వెచ్చబడినాకనే నేను చెయ్యి పెడతా."

"నా చెయ్యి లేవదు కదమ్మా" అన్నాను.

"లేయకుంటేనే రాయాల."

ఎడమ చేత్తో లక్ష్మీదేవమ్మ నడుముకు నూనె రాయబోతే మస్తానమ్మ నా చేతి మీద ఒక్కటేసింది. "కుడిచేత్తో! పైకి రా, ఇంగా పైకి, మెడ దాకా." పళ్ళ బిగువున రాశాను. గోడ మీద పాకించమన్న వేళ్ళు ఇప్పుడు లక్ష్మీదేవమ్మ వీపు మీద పాకుతున్నాయి. గోడకు లేని గొడవ ఇక్కడ ఉంది, ఆపితే ఆవిడ "ఏం మేడం, నిద్రపోతివా?" అంటుంది.

నా వంతుకు ఈరమ్మ నూనె రాసింది. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పడగానే నేను ముడుచుకుపోయాను. నిజం చెప్పొద్దూ, చెప్పులు లేకుండా అడవిలో తిరిగే మనిషి చెయ్యి అన్న ఊహ కూడా మనసులో మెదిలింది. ఆ గరుకు అరచెయ్యి రెండు నిమిషాల్లో నా నొప్పి ఉన్న చోటే సరిగ్గా ఆగింది. డాక్టరుకు కూడా నేను వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. నాకు సిగ్గేసింది. తర్వాత అరగంట మస్తానమ్మ చేతుల్లో నేను పెట్టిన కేకలకు బయట సుత్తులు కూడా ఆగాయని మా ఆయన అంటారు. చివరికి చెయ్యి ఎత్తమంది. చెవి దాకా వచ్చింది, అక్కడే ఆగింది.

"జడకు ఇంకా జానెడు తక్కువ" అన్నాను దిగులుగా.

"ఒక్క పొద్దుకే పైకొచ్చేదానికి అది చెయ్యా, జెండానా? రోజూ మీ ఆయన వీపుకు నూనె రాయి. గోడైతే నువ్వు మానేసినా అడగదు. మనిషి అడుగుతాడు."

ఇక ఈరమ్మ వంతు. ఆమె వెనక ఎవరూ రాలేదు. చివరివాళ్ళకు అందరికంటే మొదట వచ్చినవాళ్ళు రాయాలన్నది అక్కడి పద్ధతి, అంటే లక్ష్మీదేవమ్మే రాయాలి. ఆవిడ అప్పటికే కొంగు సర్దుకుని లేచింది.

"యాడికి పెద్దమ్మా?"

"వడ్ల కాటా ఉండాది, లారీ వచ్చింటాది. ఈమె దుడ్లు కూడా నేనే ఇస్తాలే."

"దుడ్లెవురడిగిరి? చెయ్యి అడిగితి."

ఈరమ్మ నెమ్మదిగా, "పోనీలేక్కా, నేను రాసుకుంటా" అంది.

"వీపుకెట్ల రాసుకుంటావ్?" అంది మస్తానమ్మ.

బయట కారు హారన్ రెండుసార్లు మోగింది. లక్ష్మీదేవమ్మ కిటికీలోంచి, "ఉండప్పా, వస్తా!" అని కసిరి, గాజులు పైకి తోసుకుని అరుగు మీద కూర్చుంది. రాస్తూ రాస్తూ ఈరమ్మ భుజాల మీది కాయలు తడిమి ఆగింది. "ఏందిమే ఇది, ఇంత బరువు మోస్తాండావా?"

"నీ మోకాళ్ళు మోసేదానికంటే తక్కువేలే పెద్దమ్మా."

ముందు నవ్వింది లక్ష్మీదేవమ్మే. ఆవిడ ఒళ్ళంతా కదిలేలా నవ్వుతుంటే అరుగు మీద నూనె గిన్నె కూడా గలగలలాడింది. బయటికొస్తే మా ఆయన చొక్కా గుండీలు వంకరగా పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఓబులేసు ఆయన చేత ఓ ట్రాక్టరు డ్రైవరు నడుముకు నూనె రాయించాడట.

నెల దాటింది. డాక్టరుకు చెబితే ఆయన నవ్వి, మానొద్దన్నారు. రోజూ సాయంత్రం మా ఆయన వీపు నా గోడ. మొన్న ఆదివారం పొద్దున ఆయన అలవాటుగా దువ్వెన పట్టుకుని వచ్చేసరికి నేను జడ వేసుకుని కూర్చున్నాను. మూడుసార్లు ఆగి ఆగి వేసుకున్నాను, వంకరగా వచ్చింది, చాలా సంతోషమేసింది. ఆయన చుట్టూ తిరిగి చూసి, "నేనే నయం" అన్నారు, దువ్వెన మాత్రం ఇంకా చేతిలోనే ఉంది. ఆ గదిలో డబ్బులిచ్చినవాళ్ళూ ఇవ్వనివాళ్ళూ ఉన్నారు గానీ, చెయ్యి ఇవ్వనివాళ్ళు లేరు. నా చెయ్యి లేవడానికి నువ్వుల నూనె ఎంత కారణమో ఈరమ్మా అంతే కారణం. ఆమె వీపుకు నేను రాయలేకపోయానే అన్నది ఒక్కటే నాకు మిగిలిన లోటు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా: పాత తువ్వాలు, నువ్వుల నూనె తీసుకెళ్ళండి, కానీ తిరుగు బస్సు టైము మాత్రం చూసుకోకండి. అందరికంటే ముందు చేరితే, చివరిదాకా ఉండాల్సింది మీరే.