డైటు దీదీ రాయని ఒక్క మాట

మొన్న మంగళవారం పొద్దున్న కోహ్కాలో నా కూలర్ల రిపేరు దుకాణం ముందు నిలబడి ఆలూగుండా తింటున్నాను. మన బంగాళాదుంప బోండాని ఈ హిందీ ఊళ్ళో అలాగే అంటారు. రెండోది నోట్లో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి డైటు దీదీ పోయారని చెప్పింది. మూడోది పొట్లంలో పెట్టేశాను. దీదీ మీద గౌరవంతో ఇంక ముట్టలేదని రాస్తే మీరు నమ్ముతారేమో గానీ ఆవిడ నమ్మరు. మధ్యాహ్నం తిన్నాను.

అదే ఊళ్ళో రుఆబాంధా పేటలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు దీదీ. ఆసుపత్రిలో ఏ రోగికి ఏ తిండి పెట్టాలో చెప్పే డైటీషియన్. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే అయినా వీధి మొత్తానికీ దీదీయే. తొమ్మిదో క్లాసు రెండుసార్లు చదివి రెండుసార్లూ తప్పినవాణ్ణి కాబట్టి, ప్రతిదీ కాగితం మీద ఉండాలనే ఆవిడ పిచ్చి అంటే నాకు మహా వేళాకోళం.

ఒకసారి నోట్లో రుమాలు కుక్కుకుని, గొంతు మార్చి దీదీకి ఫోన్ చేశాను. "మేడమ్, నాకు షుగరు. మూడు లడ్డూలు తిన్నాను. నాలుగోది తినొచ్చా?"

"మొదటి మూడూ ఎవర్నడిగి తిన్నావు? నీ రిపోర్టు చూడకుండా నానేటీ చెప్పను. రిపోర్టు లేకపోతే ఆ రుమాలు తీసి, దుకాణం కట్టేసి ఇంటికెళ్ళు తమ్ముడూ."

పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు చుట్టూ చేరి, సన్నబడడానికి ఓ చీటీ రాసిమ్మని పట్టుకునేవారు. "చీటీ మీద నా సంతకం ఉంటాది. నీకేటైనా అయితే కోర్టుకెళ్ళేది నా సంతకం, నీ నడుం కాదు," అనేవారు. ఆసుపత్రిలోనూ అంతే. డాక్టరు ఉప్పు లేని భోజనం రాస్తే, రోగి ఎంత బతిమాలినా తనంతట తాను చిటికెడు వెయ్యనిచ్చేవారు కాదు. డాక్టరుతో మాట్లాడి, ఆయన మారిస్తే అది ఫైల్లో ఎక్కాకే వంటింటికి కబురు. "రాయని మాట చెప్పని మాటే" అన్నది ఆవిడ రోజుకోసారైనా అనే మాట.

అలాంటి మనిషి ఒకే ఒక్కసారి రాయలేదు. దానికి కారణం నేను.

నాలుగేళ్ళ కిందట కిడ్నీలు చెడిపోయి మా మావగారు అదే ఆసుపత్రిలో చేరారు. దీదీ వరండాలో నన్ను ఆపారు. "తమ్ముడూ, ఇంటికాడనుంచి ఏటీ తేకు. కొబ్బరినీళ్ళు అసలే వద్దు. అందులో పొటాషియం ఉంటాది, ఆ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. గుండె ఆగిపోతాది."

"కొబ్బరినీళ్ళు తాగి చచ్చినోణ్ణి ఒక్కణ్ణి చూపించండి దీదీ."

"చూపిస్తే చూడగలవేటి?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకెవరితోనైనా అయితే ఆ మాట ఫైల్లో రాసి, కింద సంతకం పెట్టించుకునేవారు. మనవాడితో మన యాసలో అన్నది కాబట్టి ఆవిడకి ఇంట్లో మాటలా అనిపించింది. రాయలేదు.

మర్నాడు మావగారు నోరు ఎండిపోతోందన్నారని మంచినీళ్ళ సీసాలో కొబ్బరినీళ్ళు పోసుకెళ్ళాను. నర్సు అడిగితే ఉత్త నీళ్ళన్నాను. సాయంత్రానికి ఆయన గుండె లయ తప్పింది. మూడు రోజులు ఐసీయూలో ఉండి తేరుకున్నారు. ఇప్పటికీ బాగానే ఉన్నారు, నన్ను బాగానే తిడుతున్నారు.

ఆ మూడు రోజుల్లో మా బావమరిది ఆసుపత్రికి ఫిర్యాదు రాసిచ్చాడు. ఏం పెట్టకూడదో తమకెవరూ చెప్పలేదని, వినియోగదారుల కోర్టుకి వెళ్తామని. చెప్పారన్న సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అత్తవారి మొహం చూడాల్సి వస్తుందని నోరు మూసుకున్నాను. దీదీది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. తప్పు ఆవిడదని తేలితే పొడిగింపు ఉండదు, ఆపైన కోర్టు మెట్లు.

మూడో రోజున, విచారణప్పుడు, ఆఫీసరు గది బయట బల్ల మీద నేనూ బావమరిదీ కూర్చున్నాం. అతను టీ కోసం లేచి వెళ్ళాడు. తలుపు లేదు, పరదాయే. లోపల ఆఫీసరు దీదీతో హిందీలో అంటున్నాడు: "ఇంటివాళ్ళకు చెప్పిన జాగ్రత్తలు అన్న గడి ఖాళీగా ఉంది మేడమ్. రెండు లైన్లు రాసెయ్యండి. ఎప్పుడు రాశారో ఎవరు చూస్తారు?"

"రాస్తాను సార్. ఇవాళ్టి తారీఖు వేసే రాస్తాను. చెప్పాననీ రాస్తాను, ఆ రోజు రాయలేదనీ రాస్తాను."

"ఉద్యోగం పోతుంది. చెప్పారనడానికి సాక్షి ఉన్నాడా?"

"ఉన్నాడు. బయట కూర్చున్నాడు. చెప్పాలనుకుంటే అతనే చెప్తాడు, నేను అడగను."

పిలిచి నాలుగు తిట్టినా బాగుండేది. ఈలోగా బావమరిది టీ గ్లాసుతో వచ్చాడు. అతని ముందే పరదా తోసుకుని లోపలికెళ్ళి చెప్పేశాను. "దీదీ వద్దన్నారు సార్. నేను నవ్వాను. నర్సుకి నీళ్ళని అబద్ధం చెప్పాను." బావమరిది టీ తాగడం మానేసి నా వంకే చూశాడు. ఆర్నెల్లు మాట్లాడలేదు గానీ ఫిర్యాదు ఆ సాయంత్రమే వెనక్కి తీసుకున్నాడు. దీదీ ఉద్యోగం నిలిచింది. రాయనందుకు ఆవిడకి మెమో ఇచ్చారు.

బయటికొచ్చాక అడిగాను. "థాంక్స్ ఏటీ లేదేటి దీదీ?"

"మూడ్రోజులు లేటుగా వచ్చిన నిజానికి థాంక్సేటి? మెమో సరైందే. నానైనా ఇచ్చేదాన్ని. పద, మీ మావని చూసొద్దాం."

పోయిన నెల దీదీ అదే ఆసుపత్రిలో రోగిగా చేరారు. చూడ్డానికి వెళ్ళాను. పక్క ఊరు దుర్గ్ నుంచి వచ్చే కొత్త డైటీషియన్ పిల్ల మంచం పక్కన నిలబడి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో దీదీ చెల్లెలికి ఒక్కొక్కటే చెప్పి, రాసి, ఆవిడ చేత సంతకం పెట్టించింది. గడిలో ఇంకా సగం ఖాళీ ఉంది. ఆ ఖాళీ మీద ఆ మూల నుంచి ఈ మూల వైపుకి వాలుగా ఒక గీత గీసింది. ఎందుకమ్మా అని అడిగాను.

"దీదీ నే సిఖాయా, అంకుల్," అంది, దీదీయే నేర్పారని. "తర్వాత ఎవరూ ఏమీ కలపకుండా. మనం కూడా."

దీదీ కళ్ళు తెరిచి కాగితం వంక చూశారు. సూది గుచ్చి ఉన్న చెయ్యి కొంచెం ఎత్తి, గీత ఆగిపోయిన చోటు వేలితో చూపించారు. అంచుకి ఇంకా కాస్త దూరం మిగిలి ఉంది. ఆ పిల్ల వంగి, గీతని గడి చివరిదాకా లాగింది.