మూఢంలో తెరిచిన ఆపరేషన్ థియేటర్

1993 నవంబరులో మా మిషన్ ఆసుపత్రి కంటి విభాగానికి టాంజానియా నుంచి ఒక శిక్షణార్థి వచ్చాడు. ఆసుపత్రి విజయవాడ నుంచి ఉయ్యూరు వెళ్ళే దారిలో ఉంది. నేను అక్కడ కంటి విభాగానికి అధిపతిని. పదవీ విరమణ దాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను. వచ్చినతని పేరు ఏలియా. కృష్ణా జిల్లా క్రైస్తవుల్లో పేటకొక ఏలియా ఉంటాడు కాబట్టి పేరు ఎవరికీ కొత్తగా అనిపించలేదు. మనిషి మాత్రం ఆరడుగుల పైమాటే. మా థియేటర్ గౌన్లు అతనికి మోకాళ్ళ దగ్గరే ఆగిపోయేవి.

అతని హోదా క్లినికల్ ఆఫీసర్. అంటే నర్సు కాదు, ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టరూ కాదు, ఆ రెంటికీ మధ్య మనిషి. వాళ్ళ దేశంలో పల్లెటూళ్ళ మిషన్ ఆసుపత్రులు చాలావరకు ఇలాంటివాళ్ళ చేతుల మీదే నడుస్తాయి. ప్రత్యేక శిక్షణ పొందితే కంటి శుక్లాలు తీసే అధికారం కూడా వాళ్ళకిస్తారు. ఏలియా పనిచేసే ఊళ్ళో ఐరోపా నుంచి వచ్చిన కంటి డాక్టరొకాయన ఏళ్ళ తరబడి సేవ చేసి, ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్ళిపోయాడట. ఆయన వెళ్ళిన నాటి నుంచి కంటి వార్డుకు తాళం. చుట్టుపక్కల గ్రామాల్లో చూపు పోయిన ముసలివాళ్ళందరికీ, మార్చిలో ఏలియా పని నేర్చుకుని వస్తాడని చర్చిలో చెప్పి ఉంచారు.

మా షరతు ఒకటే. నా కళ్ళ ముందు, సొంత చేతులతో యాభై శుక్లం ఆపరేషన్లు పూర్తిచేయాలి. అప్పుడు సర్టిఫికెట్ మీద నేను సంతకం పెడతాను. అతనికి మన దేశంలో ఉండే అనుమతి ఫిబ్రవరి ఆఖరుతో ముగుస్తుంది. సంతకం లేకుండా తిరిగి వెళితే ఆ వార్డు తాళం తీయరు.

శీతాకాలానికి రమ్మని పిలిచింది మా సూపరింటెండెంట్ గారు. ఆయన లెక్క ఒక విధంగా సరైనదే. మా ప్రాంతంలో ఎండాకాలం కంటి ఆపరేషన్ చేయించుకుంటే చీము పడుతుందని జనానికి గట్టి నమ్మకం. వరి కోతలు అయ్యాక, చలి మొదలయ్యాక మా వార్డులో వరండాలో కూడా చాపలు పరవాల్సి వచ్చేది. కాబట్టి కేసులకు కొదవ ఉండదని ఆయన భరోసా ఇచ్చి, అన్ని ఏర్పాట్లూ చేసేశారు. అయితే ఆయన బల్ల మీద ఉండేది మిషన్ వాళ్ళ క్యాలెండర్. అందులో క్రిస్మస్, గుడ్‌ఫ్రైడే ఉంటాయి కానీ మూఢాలు ఉండవు. ఆ ఏడు డిసెంబరులో శుక్ర మూఢం మొదలై ఫిబ్రవరి దాకా సాగింది. డెల్టాలో పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ ఆగిపోయాయి. వాటితోపాటు మా ఆపరేషన్ బల్ల కూడా ఖాళీ అయింది.

క్యాంపులంటే ఎలా జరిగేవో చెప్పాలి. ఊళ్ళో ఒక ఆసామి తన తండ్రి పేరు మీద భోజనాలు పెడతానంటాడు. మేము బడి వరండాలో బల్లలు వేసుకుని టార్చిలైటుతో కళ్ళు చూస్తాం. కంటి ఒత్తిడి, బీపీ, షుగర్ పరీక్షించి, శుక్లం ముదిరినవాళ్ళను ఎంపిక చేసి మా బస్సులో ఆసుపత్రికి తీసుకొస్తాం. మర్నాడు ఆపరేషన్. ఆ డిసెంబరులో కూడా వరండాల నిండా జనం వచ్చారు, పరీక్షలు చేయించుకున్నారు, భోజనం చేశారు, చుక్కల మందు పుచ్చుకున్నారు. బస్సు దగ్గరికి వచ్చేసరికి, మూఢం వెళ్ళాక వస్తామండీ అని మర్యాదగా దణ్ణం పెట్టి ఇళ్ళకు పోయారు. బస్సు ఖాళీగా తిరిగొచ్చేది. డ్రైవరు నా మొహం చూసేవాడు కాదు.

నేను సూపరింటెండెంట్ గారి గదికి వెళ్ళి కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఆయన మూఢనమ్మకాలను మనం ప్రోత్సహించకూడదని ఒక ఉపన్యాసం ఇచ్చారు. ఉపన్యాసాలకు శుక్లాలు ఊడిరావని చెప్పి బయటికొచ్చాను.

అప్పటికి ఏలియా చేసినవి పన్నెండో పదమూడో. చేయి మంచిది. మెత్తన, తొందర లేదు. మత్తు కంటికి మాత్రమే ఇస్తాం కాబట్టి రోగి మెలకువగానే ఉంటాడు. అతనితో అతని భాషలో మాట్లాడకపోతే బెదిరిపోతాడు. అందుకని ఏలియా "కిందకి చూడండి", "కదలొద్దమ్మా", "అయిపోయింది" అనే మాటలు మా నర్సుల దగ్గర నేర్చుకున్నాడు. అయినా కొందరు అతన్ని చూసి జంకారు. ఒక రోగి కొడుకు, ఆ నల్లాయన ముట్టుకుంటే మేము వెళ్ళిపోతామని నా ఎదుటే అన్నాడు. అతనికి గట్టిగా సమాధానం చెప్పి పంపించాను. నాకు ఒళ్ళు మండిపోయింది కానీ ఏలియా నవ్వేశాడు. తమ ఊళ్ళో తెల్ల డాక్టరు కొత్తగా వచ్చినప్పుడు జనం అడవిలోకి పారిపోయారట, ఇది దానికన్నా నయమేనట. ఆ నవ్వు జనవరి మొదటి వారానికి తగ్గింది. ఖాళీ థియేటర్లో పనిముట్లు మళ్ళీ మళ్ళీ తుడుస్తూ కూర్చునేవాడు. అతన్ని అలా చూడటం నాకు కష్టంగా ఉండేది.

ఆ రోజుల్లోనే అతనికి పొడుగు గౌన్లు కుట్టించడానికి విజయవాడ వన్‌టౌన్‌కు వెళ్ళాను. మా ఆసుపత్రి గౌన్లూ దుప్పట్లూ కుట్టేది అక్కడి కరీం సాహెబ్. ఎప్పుడూ మనిషిని పంపి తెప్పించుకోవడమే కానీ కొట్టుకు నేను వెళ్ళడం అదే మొదలు. ఆయన కుట్టు మిషను ముందు కొడుకు కూర్చుని ఉన్నాడు. సాహెబ్ ఒక పక్కన స్టూలు మీద కూర్చుని, చేత్తో తడిమి గుడ్డ రకం చెబుతున్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే రెండు కళ్ళలోనూ శుక్లం ముత్యంలా ముదిరిపోయి ఉంది.

మా ఆసుపత్రికి ఇన్నేళ్ళు గౌన్లు కుట్టిన మనిషి చూపు పోయి కూర్చుంటే మాకు తెలియలేదు. మా బస్సు ఎప్పుడూ పల్లెటూళ్ళ వైపే వెళ్ళేది, వన్‌టౌన్ సందుల్లోకి తిరగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ముస్లింలకు మూఢం పట్టింపు లేదన్న సంగతి కూడా ఆ క్షణంలోనే వెలిగింది. ఆపరేషన్ ఉచితంగా చేస్తామనీ, చేసేది ఫలానా శిక్షణార్థి అనీ, నేను పక్కనే కూర్చుంటాననీ ఉన్నదున్నట్టు చెప్పాను. కొట్టు ముందు నలుగురు పోగయ్యారు. సాహెబ్ అంతా విని, ఏ మాత్రం గొంతు పెంచకుండా అడిగాడు.

"ఒక్క మాట అడుగుతానమ్మగారూ, తప్పుగా అనుకోకండి. ఆ అబ్బాయి చేత మీ అమ్మగారికి చేయిస్తారా?"

నిజానికి మా అమ్మకూ రెండు కళ్ళలో శుక్లాలు ఉన్నాయి. నా దగ్గర, ఆసుపత్రి క్వార్టర్స్‌లోనే ఉండేది. కంటి డాక్టరు తల్లి గోడ పట్టుకుని నడుస్తోందని నర్సులు చాటుగా నవ్వుకునేవాళ్ళు. కిందటి ఏడాది ఎండలన్నది, అంతకు ముందు మా చెల్లెలి కానుపన్నది, ఈసారి మూఢమన్నది. ప్రతి ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మనిషే. కానీ బైబిలు పక్కనే పంచాంగం కూడా ఉండేది. ఇదేమిటమ్మా అంటే, "దేవుడి దారి దేవుడిది, మూఢం సంగతి మూఢానిది" అనేది. సాహెబ్‌కు మళ్ళీ వస్తానని మాత్రం చెప్పి ఇంటికొచ్చాను.

ఏలియా ఆదివారాలు మా ఇంట్లోనే భోజనం చేసేవాడు. మన కారం తినలేకపోతున్నాడని అమ్మ అతని కోసం విడిగా పప్పు వండించేది. గొంతు గుర్తుపట్టి ఒరేయ్ ఏలియా అని పిలిచేది. ఆ సాయంత్రం సాహెబ్ అడిగిన మాట అమ్మకు చెప్పాను. బతిమాలలేదు. ఏం జరిగిందో అది చెప్పానంతే.

"నువ్వేం చెప్పావు?" అంది.

"ఏమీ చెప్పలేదు."

"ఏం, వాడి చెయ్యి మంచిది కాదా?"

"నేను నేర్పిన చెయ్యి. మంచిదే."

"మరి ఆ మాట అక్కడే చెప్పాల్సింది." మళ్ళీ తనే అంది. "ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. నువ్వు ఊళ్ళోవాళ్ళ కళ్ళు వాడికిచ్చి, మీ అమ్మ కన్ను దాచుకుంటావా? పెట్టు. మంగళవారం మాత్రం వద్దు."

బుధవారం పెట్టాను. సొంత మనిషికి ఆపరేషన్ జరుగుతుంటే థియేటర్లో ఉండకూడదన్నది మా వృత్తిలో ఒక ఆనవాయితీ. కానీ శిక్షణార్థి పక్కన నేను తప్ప ఎవరూ కూర్చోవడానికి లేదు. సాహెబ్‌కు కబురుపెడితే కొడుకుతో వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఏలియా చేతులు కడుక్కుంటూ, మీరే చేయకూడదా డాక్టర్ అని ఇంగ్లీషులో అడిగాడు. కూడదన్నాను.

మా థియేటర్లో ఒక పద్ధతి ఉంది. శిక్షణార్థి తడబడితే గురువు అతని మణికట్టు మీద వేలితో తడతారు. అతను మారుమాట్లాడకుండా లేచి కుర్చీ ఇచ్చేయాలి. కంటి నల్లగుడ్డు అంచున కోత పెట్టి, పైపొర తెరిచి, శుక్లాన్ని మెల్లగా బయటికి జార్చాలి. తర్వాత లెన్సు అమర్చి కుట్లు వేయాలి. కోత తెరిచి ఉన్న ఆ కొద్దిసేపే అసలైన ప్రమాదం. రోగి అప్పుడు దగ్గినా, ముక్కినా, కంటి లోపలి ద్రవం బయటికి తన్నుకొచ్చి చూపు శాశ్వతంగా పోవచ్చు.

సరిగ్గా అప్పుడే అమ్మ దగ్గింది.

నా వేలు అతని మణికట్టు దాకా వెళ్ళింది. ఆ వేలును ఆపుకోవడానికి నేను పడ్డ పాటు మరే ఆపరేషన్‌లోనూ పడలేదు. ఏలియా చేతిలోని పనిముట్టును వెంటనే కంటికి దూరంగా తీశాడు, రెప్పలను తెరిచి పట్టే క్లిప్పు వదులు చేశాడు, బొమ్మలా కదలకుండా కూర్చున్నాడు. తర్వాత తెలుగులో "మెల్లగా గాలి పీల్చమ్మా" అన్నాడు. ఆ వాక్యం అతనికి ఎవరూ నేర్పలేదు. నర్సులు రోగులతో అనగా విని గుర్తుపెట్టుకున్నాడు. అమ్మకు రెండోసారీ దగ్గు వచ్చింది, తగ్గింది. అతను మైక్రోస్కోపులో కంటిని తీరుబడిగా పరిశీలించి, ఏమీ జారలేదని నిర్ధారించుకున్నాకే పని మొదలుపెట్టాడు. నేను వేలు వెనక్కి తీసుకున్నాను. ఆఖరి కుట్టు దాకా అతనే పూర్తిచేశాడు. నేర్పేవాళ్ళకు అంతకన్నా గొప్ప గర్వం ఏముంటుందో నాకు తెలియదు.

మర్నాడు ఉదయం కట్టు విప్పింది ఏలియానే. సాహెబ్ కొడుకు గుమ్మం దగ్గర నిలబడి జరుగుతున్నది తండ్రికి చెబుతున్నాడు. అమ్మ నా వేళ్ళు లెక్కపెట్టింది, గోడ గడియారం చూసి టైము చెప్పింది. తర్వాత తలెత్తి ఏలియా వైపు చాలాసేపు చూసింది.

"ఏమే, వీడింత చిన్నపిల్లాడా? గొంతు విని పెద్దవాడనుకున్నాను. ముందే తెలిస్తే ఒప్పుకునేదాన్ని కాదు."

నర్సులు నవ్వారు. ఏలియాకు అర్థం చెప్పాక అతను అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. సాహెబ్ మాత్రం నవ్వలేదు. తన పేరు ఎప్పటికి రాస్తారని నన్ను అడిగాడు.

ఆ వారంలోనే ఆయన ఎడమ కన్ను అయింది. మరుసటి శుక్రవారం నమాజు అయ్యాక మసీదు ముందు నిలబడి, కట్టు విప్పిన కంటితో ఎదుటివాళ్ళ చొక్కాల కుట్లలో వంకలు చెప్పాడట. అంతకు మించిన ప్రచారం మాకు అక్కర్లేకపోయింది. వన్‌టౌన్ నుంచి రిక్షాల్లో వచ్చారు. క్రైస్తవ పేటల నుంచి కూడా వచ్చారు. వాళ్ళలో మూఢం చూసేవాళ్ళు మా అమ్మ ఒక్కతే కాదని నాకు అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ తల్లే చేయించుకుందటగా అనుకుంటూ వచ్చి పేర్లు రాయించుకున్నారు. మూఢం వెళ్ళకముందే ఏలియా యాభై దాటించాడు. ఒకరిద్దరికి కన్ను ఎర్రబడి కోలుకోవడం ఆలస్యమైంది కానీ చూపు ఎవరికీ పోలేదు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి అతన్ని విజయవాడలో రైలెక్కించాను. మార్చిలోనే వార్డు తాళం తీశారని మిషన్ ద్వారా కబురొచ్చింది. తర్వాతి ఏళ్ళలో అతను అక్కడే మరికొందరికి ఈ పని నేర్పాడు. వాళ్ళ చేతుల్లో నా చేయి కూడా ఉందని చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

వన్‌టౌన్‌లో ఏటా క్యాంపు పెట్టడం ఆ తర్వాతి ఏడాది నుంచి మా ఆసుపత్రికి ఆచారమైంది. నాకు మిగిలిన పాఠం మాత్రం సాహెబ్ అడిగిన ప్రశ్న. రిటైరయ్యేలోగా ఆఫ్రికా నుంచీ మన రాష్ట్రం నుంచీ చాలామంది నా దగ్గర పని నేర్చుకున్నారు. సంతకం పెట్టే ముందు ప్రతిసారీ ఆ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. ఇద్దరి విషయంలో చేయించననే జవాబు వచ్చింది. ఆ ఇద్దరి కాగితాల మీదా సంతకం పెట్టలేదు. వారిలో ఒకరు మా సూపరింటెండెంట్ గారి మేనల్లుడు.